డిస్టోనియాకి డీబీఎస్: తమ్ముడికి ఇప్పుడే చేయించాలా, ఆగాలా?

రాయగడ అక్క:
మాది రాయగడ. తమ్ముడికి 16 ఏళ్ళు. డిస్టోనియా, అంటే కండరాలు వాటంతటవే బిగిసి ఒళ్ళు మెలితిరిగే జబ్బు. తొమ్మిదో ఏట కుడిపాదం లోపలికి మెలిపడటంతో మొదలైంది, ఇప్పుడు నడుమూ మెడా తిప్పేస్తోంది. పెన్ను పట్టుకుంటే కాగితం చిరుగుతుంది. విశాఖ డాక్టరుగారు డీబీఎస్ అన్నారు, మెదడులోకి సన్నని తీగలు వేసి బ్యాటరీతో కరెంటు ఇచ్చే ఆపరేషనట. అమ్మేమో "బుర్రకి కన్నాలా!" అని ఏడుపు. ఏం చెయ్యమంటారు?

బరంపురం బాబాయ్:
తొందరపడకమ్మా. మాకు తెలిసినాయనకి ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టిన బ్యాటరీ చీము పట్టింది. మొత్తం పీకేశారు. లక్షలు పోయాయి. మూడు నెలలకోసారి బొటాక్స్, అదే కండరాన్ని సడలించే సూది, పొడిపించుకుంటే పోదా?

గుణుపురం మాస్టారు:
మెడకో చేతికో అయితే పోతుంది బాబాయ్ గారూ. ఒళ్ళంతా మెలితిరిగే పిల్లాడికి ఎన్ని కండరాలని పొడుస్తారు? అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2003లోనే, 7 ఏళ్ళు దాటినవాళ్ళకి ఇలాంటి జబ్బులో డీబీఎస్‌ని పరిమితంగా అనుమతించింది. కీళ్ళు బిగుసుకుపోయాక తీగలు వేసినా కాలు సాగదు. ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు.
అక్కా, లెవోడోపా వాడి చూశారా? పాదంతో మొదలయ్యేవాటిలో ఆ మాత్రకే లొంగేది ఒకటుంది.

రాయగడ అక్క:
వాడాం సార్, తేడా లేదు. ఒంట్లో రాగి పేరుకుందేమోనని ఆ పరీక్ష కూడా అయింది. జన్యుపరీక్ష ఇంకా చేయించలేదు.

పర్లాకిమిడి కుర్రోడు:
అది చేయించండి. నాది డీవైటీ1 అనే జన్యులోపం వల్ల వచ్చిన రకమని తేలాకే ధైర్యం చేశాం, దానికి ఫలితం బాగుంటుందన్నారు. కానీ బల్ల దిగగానే నడిచేస్తాననుకున్నా, అక్కడే దెబ్బతిన్నా. పార్కిన్సన్స్ వణుకైతే కరెంటు పెట్టగానే తగ్గుతుందట. మనకలా కాదు. ముందు కుదుపులు తగ్గాయి, మెలిక వదలడానికి నెలలు పట్టింది. ఎనిమిదో నెలలో స్టీలు గ్లాసుతో నీళ్ళు ఒలక్కుండా తాగాను. అమ్మ ఆ గ్లాసు ఇంకా ఎవరికీ ఇవ్వదు.
అసలు బాధ ఆపరేషన్ కాదు, సెట్టింగులు. కరెంటు కాస్త ఎక్కువ పెడితే మాట ముద్దగా వచ్చేది. మళ్ళీ విశాఖ బండెక్కడమే.

బరంపురం బాబాయ్:
నేనన్నదీ అదే కదా! మనం ఉండేది ఒడిశాలో, డాక్టరు ఆంధ్రాలో. మన రేషను కార్డుకి అక్కడి ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) రాదు. బ్యాటరీ అయిపోతే?

పర్లాకిమిడి కుర్రోడు:
నాది మూడు నుంచి అయిదేళ్ళు వస్తుందన్నారు. చార్జింగుదైతే ఇంకా ఎక్కువ, కానీ ఖరీదూ ఎక్కువే. హఠాత్తుగా ఆగితే మెలికలు ఒక్కసారిగా తిరగబెట్టి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే అది ఎంత మిగిలిందో పరీక్ష చేయించడం మానను. ఇంతకీ తమ్ముడేమంటున్నాడు?

రాయగడ అక్క:
గుండు చేస్తారా అని ఒక్కటే అడిగాడు.

పర్లాకిమిడి కుర్రోడు:
నాకు చేశారు. మూడు నెలలు టోపీ.