వాచీలో క్రోనో (స్టాప్‌వాచ్) ముల్లు రీసెట్ చేస్తే 12 మీద ఆగట్లేదు

విజయనగరం నుంచి అడుగుతున్నా. నాన్నగారి మెకానికల్ క్రోనోగ్రాఫ్ వాచీ, లోపల 7750 అనే మూవ్‌మెంట్ (వాచీ యంత్రం). రీసెట్ నొక్కితే పెద్ద సెకన్ల ముల్లు ఒకసారి 2 సెకన్లు ముందు, ఇంకోసారి 3 వెనక ఆగుతోంది. గంటస్తంభం దగ్గర ఒకాయన బటన్లు నొక్కిపట్టి సెట్ చేసుకో అన్నారు, అవ్వట్లేదు.

జవాబు: అన్నా, నొక్కిపట్టి సెట్ చేసుకునేది కొన్ని క్వార్ట్జ్ వాచీల్లోనే. ఇందులో రీసెట్ నొక్కగానే హ్యామర్ అనే మీట వచ్చి ముల్లు ఇరుసు మీదున్న గుండె ఆకారం బిళ్ళని (కామ్‌ని) కొడతాది, అది ఎక్కడున్నా సున్నాకే తిరుగుతాది. ఎప్పుడూ ఒకే చోట తప్పుగా ఆగితే ముల్లు వంకరగా పెట్టినట్టు, ఇలా రోజుకోచోట ఆగితే ముల్లు ఇరుసు మీద లూజై ప్రతి దెబ్బకీ జారిపోతోందని నా అనుమానం. 30 నిమిషాల చిన్న ముల్లు ఎలాగుంది?

అది కరెక్ట్‌గానే వస్తోంది అన్నా.

అయితే పెద్ద ముల్లే.

ఇంకో జవాబు, శ్రీకాకుళం నుంచి: తమ్ముడూ, గమ్ మాత్రం పెట్టనివ్వకు. నా వాచీకి అంటించేసారు, తర్వాత తీయబోతే డయల్ గీసుకుపోయింది, ఇప్పటికీ బాధే. ముల్లుకి ఇరుసు మీద తొడిగే చిన్న గొట్టం ఉంటాది, దాన్ని బిగించమను, లేదా కొత్త ముల్లు వేయించు. అప్పటిదాకా క్రోనో వాడకు, టైం ఎలాగూ చూపిస్తాది.