ట్రస్టులో దొంగ మస్టర్లు: నా పేరు బయటపడకుండా ఎవరికి చెప్పాలి?

కడప జిల్లాలో ఒక వన్యప్రాణి సంరక్షణ ట్రస్టులో ఫీల్డ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. లంకమల దగ్గర ముళ్లపొదల్లో కలివికోడి అనే అరుదైన పక్షి కోసం కెమెరాలు పెడతాం, పక్క ఊళ్ల నుంచి వాచర్లను తీసుకెళ్తాం. గత జూన్ నుంచి మస్టర్‌లో (కూలీల హాజరు పట్టీలో) 14 మందికి రోజుకు 450 రూపాయల కూలి రాస్తున్నారు. వచ్చేది 9 మందే. మిగతా ఐదుగురిలో ఒకాయన చనిపోయి రెండేళ్లయింది, వేలిముద్ర మాత్రం నెలనెలా పడుతోంది!

ఆగస్టులో కోఆర్డినేటర్‌ని అడిగితే "నీకెందుకప్పా, నీ జీతం నీకొస్తాంది కదా" అన్నాడు. సెప్టెంబరులో ఒక ట్రస్టీకి మెయిల్ పెట్టాను. ఆయన దాన్ని అలాగే డైరెక్టరుకు పంపించేశారు. పది రోజుల్లో నన్ను ఫీల్డు నుంచి తీసి ఆఫీసులో కూర్చోబెట్టారు. తర్వాత కొత్త ఐడీతో పేరు లేకుండా రాశాను. మస్టర్ చూసేది ముగ్గురమే, ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోయింది.

నాలుగు నెలల మస్టర్ ఫోటోలు, కెమెరా కార్డులు మార్చిన తేదీలు నా సొంత ఫోనులో ఉన్నాయి. ఫిర్యాదుదారుల రక్షణకు 2014లో చేసిన చట్టం చూశాను, అది ప్రభుత్వోద్యోగుల మీద ఫిర్యాదులకే. మాది ప్రైవేటు ట్రస్టు, డబ్బు ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల నుంచి వస్తుంది. ప్రాజెక్టు ఆగిపోవాలని నాకు లేదు. నిజంగా ఎండలో తిరిగే ఆ 9 మంది కూలి పోతుంది.

ఇలాంటివి చూసినవాళ్లు చెప్పండి: నా పేరు బయటికి రాకుండా ఉండాలంటే ముందు ఆ కంపెనీకి రాయాలా, జిల్లా అటవీ అధికారికి రాయాలా?