ఫోస్టర్ కేర్‌లో ఉన్న టీనేజర్లను హెల్త్ రీసెర్చ్‌లోకి తీసుకోవాలంటే ఎవరిని అడగాలి?

నిద్రగన్నేరు:
ఫోస్టర్ కేర్‌లో (కన్నవాళ్ల దగ్గర కాకుండా, అధికారులు అప్పగించిన వేరే ఇళ్లలో) ఉన్న 14–17 ఏళ్ల వాళ్ల నిద్ర సమస్యల మీద స్టడీ ప్లాన్ చేస్తున్నాం. ప్రశ్నపత్రం నింపించుకుని పంపేయకుండా నలుగురైదుగురు మొదటి నుంచీ సలహాదారులుగా మాతో కూర్చోవాలని ఉంది. తీరా సంతకం దగ్గరే ఆగిపోయాం. ఫోస్టర్ తల్లి సంతకం చాలదంటున్నారు, సోషల్ వర్కరేమో తనకు అధికారం లేదంటోంది, కన్నవాళ్లను అడగాలో వద్దో ఎవరూ చెప్పరు. ఇలాంటిది చేసినవాళ్లు ఉన్నారా?

ఫైలుపురుగు:
రీసెర్చ్ సరైన పద్ధతిలో జరుగుతుందో లేదో చూసి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో ఉన్నాను. ముందు ఒక్కొక్కరి కస్టడీ ఆర్డర్ (ఆ పిల్లల బాధ్యత ఎవరిదో చెప్పే ఉత్తర్వు) తెప్పించి చూడండి, ఏ ఇద్దరిదీ ఒకలా ఉండదు. కొందరి విషయంలో కన్నవాళ్ల హక్కులు ఇంకా ఉంటాయి, కొందరి తరఫున పిల్లల సంక్షేమ ఏజెన్సీ ఒప్పుకోవాలి, కొందరి తరఫున కోర్టు. జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లే వాళ్లందరికీ రీసెర్చ్‌కి ఒప్పుకునే అధికారం ఉండదు.
కమిటీలు ఇంత బెదిరిపోవడానికి కారణం ఉంది. అమెరికాలో 1980ల చివర, 1990లలో ఫోస్టర్ కేర్ పిల్లలను ఎయిడ్స్ మందుల ట్రయల్స్‌లో చేర్చారు. వాళ్లలో చాలామంది తరఫున మాట్లాడే స్వతంత్ర ప్రతినిధి లేడని 2005లో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. అప్పట్లో చాలామందికి ఆ మందులు వేరే దారిలో దొరికేవి కావు, అదీ నిజమే. కానీ దానికి భయపడి అసలు ఈ పిల్లల జోలికే పోవద్దనే కమిటీలంటే నాకు ఒళ్లు మండుతుంది, వీళ్ల ఆరోగ్యం గురించి ఎవరికీ ఏమీ తెలియకుండా పోయేది అలాగే.

సంచిసర్దిన_పిల్ల:
నేను కేర్‌లోనే పెరిగాను. సంతకాలు ఎవరో ఒకరు పెడతారులెండి. సోషల్ వర్కర్ పక్కనే కూర్చుని "నీకిష్టమేనా" అంటే ఏ పిల్ల కాదంటుంది? కాదంటే ఫైల్లో "సహకరించదు" అని రాస్తారేమో, ఇల్లు మార్చేస్తారేమో అని టెన్షన్. అడిగేటప్పుడు ఆ గదిలో మీరొక్కరే ఉండండి, వద్దన్నవాళ్ల పేర్లు ఎవరికీ చెప్పకండి.
ఇంకోటి. ఏ హెల్త్ ఫారం చూసినా "మీ కుటుంబంలో ఎవరికైనా షుగర్, గుండెజబ్బు ఉందా" అని ఉంటుంది. నాకేం తెలుసు? "తెలియదు" అనే గడి కూడా పెట్టరు. మీది నిద్ర మీద కాబట్టి "మీ బెడ్‌రూమ్ ఎలా ఉంటుంది" అనీ అడుగుతారు. ఏ ఇంట్లోది? పోయిన నెల ఇల్లు వేరు, ఈ నెల ఇల్లు వేరు. ఇవి మీకు తట్టవు, అందుకే ఫారం అచ్చయ్యాక చూపించి బాగుందా అని అడిగితే లాభం లేదు.

నిద్రగన్నేరు:
బెడ్‌రూమ్ ప్రశ్న నిజంగానే ఉంది, మార్చేస్తాం. మరి మాటల్లో ఎవరైనా తమను కొడుతున్నారని చెబితే?

రెండోషిఫ్ట్:
నేను సోషల్ వర్కర్‌ని. అలాంటిది వింటే మీరు పైకి చెప్పాల్సి రావచ్చు, ఆ మాట మొదటి ప్రశ్నకు ముందే చెప్పేయండి. "అంతా రహస్యమే" అని నమ్మించి తర్వాత రిపోర్ట్ చేశారంటే ఆ పిల్ల ఇక ఏ పెద్దవాళ్లకీ నోరు విప్పదు. సలహాదారుల్లో కేర్ నుంచి బయటికొచ్చిన 18 దాటినవాళ్లను కూడా పెట్టుకోండి, వాళ్ల సంతకం వాళ్లే పెడతారు. అలాగని చిన్నవాళ్లను వదిలేయొద్దు, ఇప్పటి సంగతి ఇప్పుడున్నవాళ్లకే తెలుస్తుంది. పాల్గొన్నందుకు ఇచ్చే డబ్బు పిల్లల చేతికే అందేలా చూడండి, ఇంటివాళ్ల అకౌంట్‌లో వేస్తే అది వాళ్లదాకా వస్తుందో రాదో. మధ్యలో ఇల్లు మారితే ఫోన్ నంబర్ కూడా మారిపోతుంది, మిమ్మల్ని వాళ్లే పట్టుకునేలా ఒక స్థిరమైన నంబర్ ఇవ్వండి.