"మింగలేక కక్కలేక" బాక్టీరియాకి కుదురుతుందా?

వైట్‌ఫీల్డ్ నుంచి:
మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ ఉగాది సంచికకి చిన్న సైన్సు వ్యాసం రాస్తున్నాను. గ్లూకోజ్‌లో రెండో కార్బన్ మీది హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) తీసేసి హైడ్రోజన్ పెడితే 2-డీఆక్సీగ్లూకోజ్. బాక్టీరియా దాన్ని గ్లూకోజే అనుకుని లోపలికి లాక్కుంటూ ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఆపైన ఫ్రక్టోజ్ రూపానికి మార్చాలంటే ఆ హైడ్రాక్సిల్ కావాలి, లేదు. ఫాస్ఫేటు ఉన్నంతసేపూ పొర దాటి బయటికీ పోలేదు. అందుకే "మింగలేక కక్కలేక" అన్నాను. మా ఆయన తప్పంటున్నారు.

జయనగర్ నుంచి:
ఆయనే రైటమ్మా. ఆ మాట గొంతులో అడ్డం పడినప్పటిది. మీ బాక్టీరియా మింగేసింది కదా! అరిగించుకోలేక అనండి. మింగడం వేరు, అరగడం వేరు.

యలహంక నుంచి:
నేను ల్యాబ్‌లో పనిచేస్తానండి. అరగకపోవడం సగమే. ఆ ఫాస్ఫేటు ఊరికే రాదు, కణంలో ఉండే ఫాస్ఫోఈనాల్‌పైరువేట్ అనే శక్తి నిండిన పదార్థం నుంచి వస్తుంది. ఈ పద్ధతిని 1964లో అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త సాల్ రోజ్‌మన్ బృందం బయటపెట్టింది. ఒక్కో చక్కెర అణువుకి ఒక్కో ఫాస్ఫేటు ఖర్చు, రాబడి సున్నా. పైగా మారువేషం చక్కెర అదే ద్వారంలో అడ్డుపడితే అసలు గ్లూకోజ్‌కి దారి తగ్గుతుంది. పెరుగుదల మందగించేది అందుకే. దీనికి "చేతిచమురు భాగవతం" బావుంటుంది.

జయనగర్ నుంచి:
శభాష్! ఊరివాళ్ళు పోయాల్సిన దివిటీల నూనె ఆడేవాళ్ళే పోసుకుంటే అదీ చేతిచమురు భాగవతం. అయితే ఆట మాత్రం సాగుతుంది కదండీ. ఇక్కడ ఆటే ఆగిపోతోంది.

యలహంక నుంచి:
ఆట సాగేది కూడా ఉంది. చూయింగ్ గమ్‌లో తీపికి వేసే జైలిటాల్! పళ్ళు పుచ్చేలా చేసే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ దాన్ని ఫ్రక్టోజ్ దారిలో లోపలికి తెచ్చుకుని, ఫాస్ఫేటు పెట్టి, వాడుకోలేక, ఫాస్ఫేటు ఊడదీసి బయటికి తోసేస్తుంది. మళ్ళీ తెచ్చుకుంటుంది. అది మాత్రం కక్కుతుందండోయ్.

వైట్‌ఫీల్డ్ నుంచి:
అయితే డీఆక్సీగ్లూకోజ్‌కి "అరిగించుకోలేక", జైలిటాల్‌కి భాగవతం. బెంగళూరులో పెరిగిన పిల్లలకి భాగవతం అంటే పుస్తకమే. దివిటీ, నూనె సంగతి రెండు ముక్కల్లో రాస్తాను.

యలహంక నుంచి:
రాయండి. జైలిటాల్ చాలాకాలం వాడితే ఆ ఫ్రక్టోజ్ ద్వారం పనిచేయని రకాలు మిగులుతాయి, వాటికి దీంతో బాధే లేదు. వాటికి సరిపడే సామెత ఎవరికైనా తడితే చెప్పండి.