ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని రాశారు, నొప్పి లేదు కాబట్టి వదిలేయవచ్చా?

వేకువ:
అందరికీ నమస్కారం. నా వయసు 44. ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో ‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1’ అని వచ్చింది. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు ఎస్‌జీపీటీ 68, ఎస్‌జీఓటీ 41, బిలిరుబిన్ 0.8, ప్లేట్‌లెట్లు 2,40,000. నాకు మందు అలవాటు లేదు. నొప్పి లేదు, కామెర్లు లేవు, ఆకలి మామూలే. బరువు మాత్రం పెరిగి 78 కిలోలయింది, షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. ఇంట్లోవాళ్లు ‘ఈ రోజుల్లో అందరికీ ఉండేదేలే’ అంటున్నారు. తెలిసినావిడ లివర్‌ని శుభ్రం చేస్తుందంటూ ఒక పొడి డబ్బా తెచ్చిచ్చింది. లక్షణాలే లేనప్పుడు పట్టించుకోవాలా? ఏం కనిపిస్తే కంగారు పడాలి? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

వార్డు అక్క:
వేకువ గారూ, నేను లివర్ వార్డులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ‘మొన్నటిదాకా ఏమీ లేదమ్మా, నొప్పి కూడా లేదు’ అన్న మాట అక్కడ చేరినవాళ్ల నోట ఎన్నిసార్లు విన్నానో. లివర్ లోపలి భాగానికి నొప్పి తెలియదు. దాని పైపొర సాగితేనే కుడివైపు పక్కటెముకల కింద బరువుగా అనిపిస్తుంది. సగం దెబ్బతిన్నా మిగతా సగం పని లాక్కొస్తుంది. అందుకే ఏళ్ల తరబడి సాగే లివర్ జబ్బులో కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బటం మొదట వచ్చేవి కావు, బాగా ముదిరాక వచ్చేవి. వాటి కోసం ఎదురుచూడకండి. మీకు కాగితం మీదే కబురు అందింది, అది మంచిదే.

ఆ కాగితంలో గ్రేడ్ కంటే ముఖ్యమైనది ఒకటుంది. గ్రేడ్ అంటే స్కాన్‌లో కొవ్వు ఎంత కనిపిస్తోందన్నదే. లివర్ గట్టిపడి మచ్చ కడుతోందా అన్నది అది చెప్పదు. దానికి డాక్టర్లు ఫిబ్-4 అనే లెక్క వేస్తారు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. మీకు సుమారు 0.91 వస్తోంది. మీ వయసులో 1.3 కంటే తక్కువుంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే లివర్ స్పెషలిస్టు చూడాల్సిందే. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్, అంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్, చేయిస్తారు. ఈ అంకెలు మీ డాక్టర్‌కి చూపించి, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా ఒకసారి చేయించమని అడగండి. సి ఉన్నా భయం లేదు, 8 నుంచి 12 వారాల మాత్రలతో 95 శాతానికి పైగా నయమవుతోంది. బి లేకపోతే, ఇదివరకు వేయించుకోకపోతే, టీకా వేయించుకోవచ్చు.

ఇక గుర్తుల సంగతి. పచ్చదనం ముందు కళ్ల తెల్లగుడ్డులో కనబడుతుంది, పగటి వెలుతురులో చూడాలి. మూత్రం ముదురు రంగులోకి మారి, మలం సుద్దలా పాలిపోతే పైత్యరసం దారిలో అడ్డు ఉందేమో చూడాలి. అరిచేతులు, అరికాళ్లు రాత్రిపూట విపరీతంగా దురద పెట్టడం, చిన్న దెబ్బకే ఒంటిమీద నల్లగా కమిలిన మచ్చలు, బొటనవేలితో నొక్కితే కాలిమీద గుంట పడే వాపు, చేతులూ కాళ్లూ సన్నబడుతుంటే పొట్ట మాత్రం పెరగటం, ఇవన్నీ త్వరగా చూపించుకోవాల్సినవి. రక్తపు వాంతి, తారులా నల్లటి మలం, మాట తడబడి మనిషి మత్తుగా ఉండటం కనిపిస్తే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఆ పొడి డబ్బా మూత తీయకండి. లివర్ తన పని తానే చేసుకుంటుంది, దాన్ని కడిగే మందంటూ లేదు. బరువు తగ్గడానికని వాడే గ్రీన్ టీ సారం క్యాప్సూల్స్‌తో కూడా లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారు. పారాసెటమాల్ వేసుకునేటప్పుడు జలుబు మాత్రల్లో కూడా అదే ఉందేమో చదవండి. తెలియకుండా డోసు రెట్టింపయ్యేది అక్కడే.

నడక_నేస్తం:
నాదీ మీలాంటి రిపోర్టే, గ్రేడ్ 2. మాత్ర అడిగితే మా డాక్టర్ బరువు లెక్క చెప్పారు. ఉన్న బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుందట, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుందట. మీకైతే మొదట 4 కిలోలు. నేను తీపి పానీయాలు పూర్తిగా మానేసి రోజూ వేగంగా నడిచాను. పస్తులుండి ఒక్కసారిగా తగ్గొద్దని గట్టిగా చెప్పారు, మరీ వేగంగా తగ్గితే లివర్‌కి ఇంకా ఇబ్బందట. ఎస్‌జీపీటీ నెమ్మదిగా మామూలుకొచ్చింది. పంచదార లేని కాఫీ మానక్కర్లేదన్నారు, అది నాకు పెద్ద ఊరట.

వేకువ:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. అక్కా, మీరు రాసిన గుర్తులు చదువుతుంటే మా అన్నయ్య గుర్తొచ్చాడు. చాలా ఏళ్లుగా రోజూ తాగుతాడు. ఈమధ్య పగలంతా పడుకుని రాత్రంతా మేలుకుంటున్నాడు, కాళ్లు వాచాయి. వదిన నిద్రమాత్ర ఇద్దామా అంటోంది.

వార్డు అక్క:
అమ్మా, నిద్రమాత్ర వద్దు. వెంటనే వదిన గారికి ఫోన్ చెయ్యండి. పగలు నిద్ర, రాత్రి మెలకువ అన్నది లివర్ వడకట్టాల్సిన విషాలు మెదడుకు చేరుతున్నప్పుడు మొదట కనిపించే మార్పుల్లో ఒకటి. మా వార్డులో ఇలాంటివాళ్ల చేత రోజూ సంతకం పెట్టించేవాళ్లం. ఒకరోజు గీతలు వంకర పోతే డాక్టర్‌ని పిలిచేవాళ్లం. మీ అన్నయ్య చేత పేరు రాయించి పాతదాంతో పోల్చండి. చేతులు ముందుకు చాపించి, ఎదుటివాళ్లని ‘ఆగు’ అన్నట్టు మణికట్టు దగ్గర అరచేతులు వెనక్కి వంచి పట్టమనండి. రెక్కలు కొట్టినట్టు ఊగితే డాక్టర్‌కి అదే మాట చెప్పండి. రెండూ బాగానే ఉన్నా ఆగొద్దు, కాళ్ల వాపుతో కలిపి చూస్తే ఇవాళే ఆసుపత్రిలో చూపించాలి.

నొప్పులకని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఇవ్వకండి, రక్తస్రావం అవ్వొచ్చు, కిడ్నీలూ దెబ్బతింటాయి. మలబద్ధకం ఉందా, మలం నల్లగా వస్తోందా అని అడిగి తెలుసుకోండి. ఇంకొకటి, ఇంట్లోనే బలవంతంగా ఒక్కసారిగా మందు మాన్పించొద్దు. రోజూ తాగే మనిషికి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. ఎంత తాగుతాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో డాక్టర్‌కి దాచకుండా చెబితే వాళ్లే మందులిచ్చి జాగ్రత్తగా మాన్పిస్తారు. మత్తుగా ఉంటే ఒంటరిగా బండిమీద పంపకండి, మీలో ఒకరు వెంట వెళ్లండి.