నవజాత శిశువు బ్లడ్ కల్చర్‌లో ‘నో గ్రోత్’ అని వస్తే ఇన్‌ఫెక్షన్ లేనట్టేనా?

ప్రశ్న: గాజువాక నుంచి ఒక తండ్రి

నమస్కారం. మా పాప నెలలు నిండకముందే, 34వ వారంలో, దాదాపు రెండు కిలోల బరువుతో పుట్టింది. రెండో రోజు పాలు తాగడం మానేసి, మూలుగుతూ, ఒళ్లు చల్లబడుతుంటే, ప్రసవం జరిగిన నర్సింగ్‌హోమ్‌లో ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేసి, విశాఖ నగరంలోని ఎన్‌ఐసీయూకి (నవజాత శిశువుల ఐసీయూ) పంపించారు. ఇక్కడ చేర్చుకోగానే కల్చర్‌కి, అంటే రక్తంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షకి, రక్తం తీశారు. 48 గంటల రిపోర్టులో ‘నో గ్రోత్’ అని ఉంది. సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) మాత్రం పెరిగింది, పాప ఇంకా పూర్తిగా కోలుకోలేదు. మందు మార్చాల్సి రావచ్చని, అంతకుముందు మరోసారి ఒక మిల్లీలీటరు రక్తం తీయాలని డాక్టరుగారు అంటున్నారు. ‘ఇంత చిన్న ప్రాణానికి మళ్ళీ మళ్ళీ రక్తం తీస్తారా’ అని మా అత్తగారు కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. కల్చర్‌లో ఏమీ రాలేదంటే ఇన్‌ఫెక్షన్ లేనట్టే కదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1: మైక్రోబయాలజీ ల్యాబ్ ఉద్యోగి, మహారాణిపేట

అయ్యా, మీ పాప త్వరగా కోలుకోవాలి. ‘నో గ్రోత్’ అంటే ఆ సీసాలోకి వచ్చిన రక్తంలో సూక్ష్మజీవులేవీ పెరగలేదని మాత్రమే అర్థం. పాప ఒంట్లో ఇన్‌ఫెక్షన్ లేదని ఆ ఒక్క మాటను బట్టి చెప్పలేము.

మా దగ్గరికి వచ్చిన సీసాను ఒంటి వేడికి దగ్గరగా ఉండే ఉష్ణోగ్రతలో యంత్రంలో పెడతాము. లోపల బాక్టీరియా ఉంటే అది పెరుగుతూ కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది, సీసా అడుగున ఉన్న సెన్సర్‌లో వచ్చే మార్పును యంత్రం కొన్ని నిమిషాలకొకసారి చూస్తూ, పెరుగుదల కనబడగానే గంట కొడుతుంది. నిజంగా బాక్టీరియా ఉన్న సీసాల్లో చాలావరకు 36 గంటల లోపే ఇది జరుగుతుంది, అయినా సాధారణంగా ఐదు రోజుల వరకు సీసాను యంత్రంలోనే ఉంచి తుది రిపోర్టు ఇస్తారు. కాబట్టి మీ చేతిలో ఉన్నది మధ్యంతర రిపోర్టు.

అసలు చిక్కు రక్తం పరిమాణంలో ఉంటుంది. నవజాత శిశువుల్లో కొందరికి జబ్బు తీవ్రంగా ఉన్నా మిల్లీలీటరు రక్తంలో నాలుగైదు సూక్ష్మజీవులకు మించి ఉండవు. అర మిల్లీలీటరో అంతకన్నా తక్కువో పంపితే వాటిలో ఒక్కటి కూడా సీసాలోకి రాకపోవచ్చు. దానికి తోడు మీ పాపకు కల్చర్‌కు ముందే ఒక డోసు మందు పడింది. పిల్లల సీసాల్లో కొన్నింటిలో యాంటీబయాటిక్‌ను పీల్చుకునే రెసిన్ ఉంటుంది గాని, అప్పటికే రక్తంలో చచ్చిపోయిన బాక్టీరియాను అది తిరిగి బతికించలేదు. మొదటిసారి ఎంత రక్తం తీశారో అడిగి తెలుసుకోండి. నా దృష్టిలో ఆ సమాచారం లేకుండా ‘నో గ్రోత్’ రిపోర్టుకు విలువ కట్టలేము.

సమాధానం 2: నవజాత శిశు విభాగం స్టాఫ్ నర్సు, మద్దిలపాలెం

మీ అత్తగారి బాధ నాకు అర్థమవుతుంది, రోజూ ఇలాంటి అమ్మమ్మలతో మాట్లాడుతూనే ఉంటాను. కిలో బరువుకు సుమారు 80 నుంచి 90 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది కనుక రెండు కిలోల పాపలో 160 మిల్లీలీటర్లకు తక్కువ ఉండదు. అందులో ఒక మిల్లీలీటరు అంటే నూటికి ఒక వంతు కూడా కాదని ఆమెకు చెప్పండి. భయపడి కొంచెమే తీస్తే రిపోర్టు నమ్మదగినది కాక, మూడోసారి కూడా సూది గుచ్చవలసి వస్తుంది.

తీసే పద్ధతి కూడా ముఖ్యమే. చర్మాన్ని యాంటీసెప్టిక్‌తో తుడిచాక అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి, ఆరకముందే గుచ్చితే తుడిచిన ఫలితం ఉండదు. ఆ తరువాత నరం ఎక్కడుందోనని వేలితో మళ్ళీ తడమకూడదు. సీసా మీద ఉన్న రబ్బరు మూతను స్పిరిట్‌తో తుడిచాకే రక్తం ఎక్కించాలి. ఇందులో ఏది తప్పినా చర్మం మీద ఉండే స్టఫిలోకాకస్ సీసాలో పెరిగి, లేని జబ్బును చూపిస్తుంది. నింపిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టకుండా వీలైనంత త్వరగా ల్యాబ్‌కు పంపాలి.

సమాధానం 3: పిల్లల వైద్యుడు, విశాఖపట్నం

పైవారిద్దరూ చెప్పినది సరైనదే. సీఆర్‌పీ గురించి ఒక్క మాట: కష్టమైన కాన్పు, ఊపిరాడక పోవడం వంటి కారణాల వల్ల కూడా అది పెరుగుతుంది, కనుక అది పెరిగినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ అని తీర్మానించలేము.

సరిగ్గా తీసిన కల్చర్‌లో 36 నుంచి 48 గంటలకు ఏమీ పెరగకుండా, బిడ్డ చక్కగా పాలు తాగుతూ ఉంటే మందులు ఆపడమే మంచిది. అవసరం లేని యాంటీబయాటిక్స్ రోజుల తరబడి వాడిన నెలలు నిండని శిశువుల్లో పేగులు దెబ్బతినే ఎన్‌ఈసీ ఎక్కువగా కనబడుతోంది. అయితే మీ పాప విషయం వేరు: కల్చర్‌కు ముందే మందు పడింది, జబ్బు లక్షణాలు ఇంకా తగ్గలేదు. ఈ స్థితిలో మందులు మధ్యలో ఆపమని మీరు పట్టుబట్టకండి.

మందు మార్చే ముందే రెండో కల్చర్ తీయడానికి బలమైన కారణం ఉంది. 2016లో ప్రచురితమైన ఢిల్లీ ఆసుపత్రుల అధ్యయనంలో నవజాత శిశువుల రక్తంలో ఎక్కువగా కనబడినవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ.కోలై అనే బాక్టీరియాలు, వాటిలో చాలా వాటిపై పలు రకాల యాంటీబయాటిక్స్ పనిచేయలేదు. సూక్ష్మజీవి దొరికితేనే దాని మీద ఏ మందు పనిచేస్తుందో ల్యాబ్ చెప్పగలదు, లేకపోతే ఊహించి వాడాల్సిందే.

తిరిగి ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కేస్‌షీట్ చూపించమని అడిగితే మొదటిసారి అర మిల్లీలీటరే తీసినట్టు రాసి ఉంది. రెండో కల్చర్‌కు ఒప్పుకున్నాము, అత్తగారికి కూడా నచ్చజెప్పాను. ఇందులో ఏదైనా పెరిగితే తరువాత ఏం చేస్తారు?

పిల్లల వైద్యుడు

పెరిగిందేమిటో చూసి, దాని మీద ఏ మందు పనిచేస్తుందో ల్యాబ్ చెప్పే సెన్సిటివిటీ రిపోర్టును బట్టి మందును మారుస్తారు. రక్తంలో ఉన్న బాక్టీరియా మెదడు పొరలకు చేరే ప్రమాదం ఉంది కనుక, పాప తట్టుకోగలిగితే వెన్నునుంచి నీరు తీసి పరీక్షిస్తారు. మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్‌ఫెక్షన్) ఉందని తేలితే మందు మోతాదు, వాడాల్సిన రోజులు రెండూ పెరుగుతాయి, అందుకే ఆ పరీక్షకు సంతకం అడిగితే ఆలస్యం చేయకండి.