దసరా సెలవుల్లో విక్టోరియా జలపాతం, ఒకవాంగో: అక్టోబరులో వెళ్లవచ్చా?

ప్రశ్న (సికింద్రాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. ఈసారి కుటుంబమంతా కలిసి దక్షిణాఫ్రికా ప్రాంత దేశాలకు వెళ్లాలనుకుంటున్నాం. నేను, నా భార్య, ఆరో తరగతి చదువుతున్న పాప, మా అమ్మానాన్నలు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చదునైన దారిలో నిదానంగా నడవగలదు, ఎక్కి దిగడం కష్టం. నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. దారిలో ఏ నది వచ్చినా వంతెన దగ్గర బండి ఆపించి దిగి చూడందే కదలరు. జాంబియా, జింబాబ్వే సరిహద్దులో ఉన్న విక్టోరియా జలపాతం చూడాలన్నది ఆయన చిరకాల కోరిక.

ట్రావెల్స్ వాళ్లు దసరా సెలవులకు, అంటే అక్టోబరుకు, జాంబియా వైపు లివింగ్‌స్టన్‌లో బస చూపించి ధర బాగా తగ్గించారు. కానీ 2019 చివర్లో పత్రికల్లో వచ్చిన ఫొటోలు నాకు ఇంకా గుర్తున్నాయి. జలపాతం ఉండాల్సిన చోట నల్లటి రాతిగోడ ఉంది. అంత దూరం తీసుకెళ్లి నాన్నకు రాయి చూపించలేను. వేసవి సెలవులకు మార్చుకోమంటారా? బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టా కూడా అదే ప్రయాణంలో కుదురుతుందా?

జవాబు 1 (జొహానెస్‌బర్గ్ నుంచి)

అక్టోబరు అయినా పర్వాలేదు. పాప ఉంది కాబట్టి క్రూగర్ నేషనల్ పార్కు తప్పక చేర్చండి. లోపల తారు రోడ్లున్నాయి, సొంతంగా కారు నడుపుకుంటూ ఏనుగులు, జిరాఫీలు చూడవచ్చు. మీ అమ్మగారు కారు దిగాల్సిన పనే ఉండదు. జలపాతం సంగతి ఆ దగ్గర్లో ఉండేవాళ్లు చెబితే బాగుంటుంది.

వీలైతే డర్బన్‌లో రెండు రోజులు ఆగండి. 1860 నుంచి చెరకు తోటల పనికి ఓడల్లో వచ్చినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులు 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ నేటికీ నడుస్తోంది. మీ నాన్నగారి వయసువాళ్లకు అక్కడి పెద్దలతో మాట్లాడటం బాగా నచ్చుతుంది.

జవాబు 2 (మౌన్, బోట్స్వానా నుంచి)

అక్టోబరు వద్దండి. మీ నాన్నగారి కోసమైనా వద్దు.

నేను మౌన్‌లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. ఒకవాంగో డెల్టా దక్షిణపు అంచున ఉన్న ఊరు మాది. ఇక్కడికి వచ్చే మనవాళ్లు హోటళ్ల గురించి, సింహాల గురించి అడుగుతారు. ఏ నెలలో నీళ్లు ఎక్కడ ఉంటాయని అడిగేవాళ్లు తక్కువ. ఈ ప్రాంతానికి వచ్చేటప్పుడు మొట్టమొదట అడగాల్సింది అదే.

ముందు జలపాతం. జాంబెజి నది జాంబియా వాయవ్య మూలన పుట్టి, కొంతదూరం అంగోలాలో ప్రవహించి, మళ్లీ జాంబియాలోకి వస్తుంది. అక్కడ వానాకాలం నవంబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా. అయితే ఆ నీరు నేరుగా జలపాతానికి దూకదు. దారిలో బరోత్సే అనే విశాలమైన వరద మైదానం ఉంది. నది అక్కడ గట్లు దాటి పరుచుకుంటుంది, తరువాత తీరిగ్గా దిగువకు కదులుతుంది. ఆ వరద సమయంలోనే లోజీ ప్రజల రాజు లియలుయి నుంచి మెరక మీది లిములుంగాకు పెద్ద పడవలో తరలివెళతాడు. కువోంబోకా అనే ఆ వేడుక ఎప్పుడు జరగాలో తేల్చేది నీటిమట్టమే. అందువల్ల జలపాతం దగ్గర ప్రవాహం ఏప్రిల్ ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుంది, అక్టోబరు, నవంబరు నెలల్లో అడుగంటుతుంది.

అడుగంటినప్పుడు ముందుగా ఎండేది జాంబియా వైపే. జలపాతం 1,708 మీటర్ల వెడల్పు ఉన్నా అంచు అంతా ఒకే మట్టంలో లేదు. పడమర కొసన, అంటే జింబాబ్వే వైపు, పల్లంగా ఉంది. తగ్గిన నీరంతా అటే పోతుంది. పైగా జాంబియా వైపు జలవిద్యుత్ కేంద్రానికి ఎగువ నుంచే కొంత నీరు మళ్లిస్తారు. మీరు చూసిన ఫొటోల్లో చాలావరకు తూర్పు కొసవే. ఆ కరవు రోజుల్లో కూడా జింబాబ్వే వైపు నీరు పడుతూనే ఉంది. అక్టోబరు తప్ప మరో దారి లేకపోతే కనీసం బస జింబాబ్వే వైపుకు మార్చమనండి. మీ ట్రావెల్స్ వాళ్లు ఆ నెలకు జాంబియా వైపు చూపించి, ఈ సంగతి చెప్పకపోవడం నాకు బాధగా ఉంది.

అలాగని నిండు ఏప్రిల్లోనూ వద్దు. 108 మీటర్ల లోతున్న ఇరుకు లోయలో పడ్డ నీరు తుంపరగా పైకి లేస్తుంది. 20 కిలోమీటర్ల దూరం నుంచి ఆ తెల్లని మేఘం కనిపిస్తుంది గాని, ఎదురుగా నిలబడ్డవాళ్లకు జలపాతం కనిపించదు. మే చివరికల్లా ఆ తెర మధ్యమధ్య తొలగడం మొదలవుతుంది. నీటి జోరు ఇంకా ఉంటుంది. చూడటానికి నాకు నచ్చిన సమయం అదే.

ఇక ఒకవాంగో. దీని గురించి మీ నాన్నగారికి చదివి వినిపించండి. అంగోలా ఎత్తుభూముల్లో జనవరి, ఫిబ్రవరిలో కురిసిన వాన కుబాంగో, కుయిటో అనే రెండు నదుల్లో బయలుదేరుతుంది. డెల్టా పైకొస నుంచి కిందికొస దాకా దాదాపు 250 కిలోమీటర్ల దూరానికి వాలు సుమారు 60 మీటర్లే. దారి పొడవునా పపైరస్ జమ్ము, రెల్లు అడ్డం. ఆ నీరు మా ఊరు చేరి నిండేసరికి జూన్, జూలై అవుతుంది. అప్పటికి ఇక్కడ వానలు ఆగిపోయి ఉంటాయి. ఆకాశంలో మబ్బు ఉండదు, గడ్డి ఎండిపోతుంది. సరిగ్గా ఆ సమయంలో మా ఊరి మీదుగా పారే తమలకానే నదిలోకి కొత్త నీరు వస్తుంది. ఏరు ఎండిన ఏడాదైతే నీటి అంచు ఇసుకను తడుపుకుంటూ, ఎండుటాకులను, పురుగులను ముందుకు తోసుకుంటూ, మనిషి నడక కన్నా నెమ్మదిగా వస్తుంది. కొంగలు దాని వెంటే నడుస్తాయి. బడి వదలగానే మా పిల్లలు వంతెన దగ్గరికి పరుగెడతారు. నేనూ వెళతాను.

ఏడాదికి వచ్చేది సుమారు 11 ఘన కిలోమీటర్లు. మన లెక్కలో 390 టీఎంసీల దాకా. నాగార్జునసాగర్ 312 టీఎంసీలతో నిండి ఇంకా మిగులుతుంది. ఆ నీటిలో ఒక్క చుక్క సముద్రం చేరదు. దాదాపు అంతా కలహారి ఇసుక మీద ఎండకు ఆవిరవుతుంది, లేదా మొక్కలు తాగేస్తాయి. ఇంత నీరు ఆవిరైతే నేలంతా చౌడు తేలాలి కదా అని ఇంజనీరు అయినవారు వెంటనే అడుగుతారు. తేలదు. ఇక్కడి చాలా దీవులు చెదపుట్టల మీద మట్టి పేరుకుని మొదలైనవే. వాటి అంచుల్లో పెరిగిన పెద్ద చెట్లు నేల అడుగు నీటిని లాగేస్తుంటే, ఉప్పు దీవి నడిమధ్యకు చేరి అక్కడే పేరుకుంటుంది. అక్కడ గడ్డి కూడా సరిగా మొలవదు. చుట్టూ ఉన్న నీరు మాత్రం తియ్యగా ఉంటుంది. 2014లో దీన్ని యునెస్కో తన జాబితాలో 1,000వ స్థలంగా చేర్చింది. మా పిల్లలకు ఆ సంఖ్య చెప్పడం నాకు ఇష్టం.

కాబట్టి మే చివరి వారం నుంచి జూన్ రెండో వారంలోపు రండి. బడులు తెరవకముందే తిరిగి వెళ్లిపోవచ్చు.

జవాబు 3 (విశాఖపట్నం నుంచి)

టీచర్ గారు చెప్పిన నీటి లెక్క సరైనదే. కానీ అక్టోబరును అంతగా తీసిపారేయకండి. నేను అక్టోబరు చివర్లోనే వెళ్లాను, ఫొటోలు తీయడం నా అభిరుచి. నీరు తగ్గినప్పుడే ఆ బసాల్టు రాతి చీలికలు కనిపిస్తాయి. జలపాతం యుగాలుగా వెనక్కి జరుగుతూ వచ్చిందనీ, కింద వంకరలు తిరిగే లోయలన్నీ ఒకప్పటి జలపాతాల చోట్లేననీ అప్పుడే కంటికి అర్థమైంది. అంచుమీది సహజమైన మడుగు డెవిల్స్ పూల్‌లో దిగనిచ్చేది కూడా నీరు తగ్గిన నెలల్లోనే. బోట్స్వానా ఉత్తరాన చోబే నది ఒడ్డున అయితే చెప్పనక్కర్లేదు, అడవిలో నీటి గుంటలు ఎండిపోవడంతో ఏనుగులు గుంపులు గుంపులుగా నదికి వచ్చాయి.

జవాబు 4 (మౌన్ నుంచి)

మీరు చెప్పింది నిజం. చోబే చూడటానికి సెప్టెంబరు, అక్టోబరులను మించినవి లేవు. ఫొటోల కోసం ఒంటరిగా వచ్చేవాళ్లకు నేనూ అదే చెబుతాను. అయితే అక్టోబరులో ఇక్కడ ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను ఆ ఎండలో తిప్పడం నాకు ఇష్టం లేదు. జూన్‌లో పగలు హాయిగా ఉంటుంది, తెల్లవారుజామున స్వెట్టరు కావాలి. ఏనుగులు జూన్‌కే నది ఒడ్డుకు రావడం మొదలుపెడతాయి.

ప్రశ్న అడిగినవారు

టీచర్ గారూ, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. చౌడు దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. అక్టోబరు బుకింగ్ వద్దని చెప్పేశాం. మరికొన్ని సందేహాలు: అమ్మ నడక, శాకాహారం, మలేరియా. కేప్‌టౌన్ కూడా కలుపుకోవచ్చా?

జవాబు 5 (మౌన్ నుంచి)

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

జింబాబ్వే వైపు దారి చాలావరకు చదునుగా, చెట్ల నీడలో ఉంటుంది. అమ్మగారు నిదానంగా నడిచి, అలసిపోతే ఆగిపోవచ్చు. ప్రధాన జలపాతానికి ఎదురుగా ఉండేది ఆ వైపే. జారే చోట్లు ఉంటాయి, పట్టున్న చెప్పులు వేయించండి. జాంబియా వైపు లోయ అడుగున నీరు సుడి తిరిగే బాయిలింగ్ పాట్‌కు దిగే మెట్ల జోలికి ఆమెను వెళ్లనివ్వకండి. పౌర్ణమి కలిసొస్తే రాత్రి పూట పార్కు తెరుస్తారేమో కనుక్కోండి. నీరు బాగా ఉన్న నెలల్లో వెన్నెల్లోనూ ఇంద్రధనుస్సు పడుతుంది. ఈ ఒక్కదాని కోసం తేదీలు ఒకటి రెండు రోజులు జరిపినా నష్టం లేదు.

అక్కడి నుంచి చోబే ఒడ్డునున్న కసానే ఊరు రోడ్డు మీద దాదాపు 80 కిలోమీటర్లు. చోబేలో జీపు కుదుపులు అమ్మగారికి వద్దు, నీడ ఉన్న పెద్ద పడవ ఎక్కండి. కసానే నుంచి మౌన్‌కు రోడ్డు దూరం 600 కిలోమీటర్ల వరకు ఉంటుంది, పెద్దవాళ్లతో విమానమే మేలు.

డెల్టా లోపలి క్యాంపులు చాలా ఖరీదు. మౌన్‌లో ఉండి బోరో గ్రామం పడవవాళ్లతో ఒక పగలు తిరిగితే చాలు. మొకోరో అనే సన్నటి దోనె, వెనక నిలబడి గెడ వేస్తారు. పూర్వం పెద్ద చెట్లను తొలిచి చేసేవారు, మన తునికికి దగ్గరి చుట్టమైన జాకల్‌బెర్రీ కూడా అందులో ఒకటి. ఇప్పుడు చెట్లు కొట్టకుండా ఫైబర్‌గ్లాస్‌తో చేస్తున్నారు. కూర్చునేది బాగా కిందికి, అమ్మగారు ఒడ్డునే ఉంటే మంచిది. పాప వయసు ముందే చెప్పండి, కొందరు చిన్నపిల్లలను ఎక్కించుకోరు.

భోజనానికి ఇబ్బంది లేదు. తెల్ల మొక్కజొన్న పిండితో చేసే పాప్, మొరోగో అనే ఆకుకూర ఎక్కడైనా దొరుకుతాయి. మొరోగోలో తోటకూర రకాలూ ఉంటాయి. పచ్చడి సీసా వెంట తెచ్చుకుంటే చాలు.

జలపాతం, చోబే, డెల్టా మూడూ మలేరియా ఉన్న చోట్లే. బయలుదేరక ముందే డాక్టరును కలిసి ముందుజాగ్రత్త మాత్రలు రాయించుకోండి. పాప జనన ధ్రువపత్రం, తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్నది, వెంట ఉంచుకోండి. వీసా నిబంధనలు మూడు దేశాలవీ వేరువేరుగా రాయబార కార్యాలయాల్లో కనుక్కోండి.

కేప్‌టౌన్ ఈసారికి వదిలేయండి. మాకు వానలు వేసవిలో (ఇక్కడి వేసవి అంటే నవంబరు నుంచి మార్చి దాకా), వాళ్లకు చలికాలంలో, అంటే జూన్ ప్రాంతంలో. జూన్‌లో టేబుల్ మౌంటెన్‌ను చాలా రోజులు మబ్బు కప్పేస్తుంది.

తేదీలు ఖాయం కాగానే ఇక్కడే రాయండి, బోరోలో పడవకు చెప్పిపెడతాను.